నేను గెలిచిన ఒక్క కేసు

వ్యవసాయ శాఖలో ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు పనిచేసి రిటైరయ్యాను. అంత సర్వీసులో కోర్టు దాకా తీసుకెళ్ళిన కేసులు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. నీళ్ళు కలిపిన పురుగుమందు అమ్మినవాడి మీద పెట్టిన కేసు, శాంపిల్ సీసా మీద సీలు సరిగ్గా పడలేదని పోయింది. మొలకెత్తని విత్తనాన్ని నాలుగూళ్ళకు అంటగట్టినవాడు పేరున్న లాయర్ని పెట్టుకుని, నోటీసు ఆలస్యంగా అందిందన్న వంకతో బయటపడ్డాడు. కోర్టు మెట్ల మీద నవ్వుతూ నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఒక్క కేసులో మాత్రం శిక్ష పడింది. అందులో కాగితాల్లో ఎక్కడా లోపం లేదు, సీళ్ళు చెక్కుచెదరలేదు, సాక్షుల సంతకాలున్నాయి, ముద్దాయి తప్పు ఒప్పుకున్నాడు. పై ఆఫీసు నుంచి నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. చింపేద్దామని చాలాసార్లు బయటికి తీశాను గానీ చింపలేదు. చింపితే చేసిన పని కూడా చెరిగిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకుంటానని భయం.

ఎందుకంటే, నేను చూసిన విత్తనాల డీలర్లందరిలోకీ నిజాయితీపరుడు ఆ ముద్దాయే.

అప్పుడు నేను డెల్టాలో ఒక మండలానికి వ్యవసాయాధికారిని. అందరూ ఏ.ఓ. మేడం గారు అనేవారు. ఆ డీలరు కొట్టు కాలువ లాకుల దగ్గర ఉండేది. ముందు రేకుల వసారా, లోపల రెండు గదులు, వెనక ఇల్లు. ఆయనకు అప్పటికే యాభై దగ్గరపడ్డాయి. తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు, చొక్కా జేబులో రెండు పెన్నులు. విత్తనం కావాలని ఎవరొచ్చినా వెంటనే బస్తా ఇచ్చేవాడు కాదు. మీ చేను ఏ పంట బోదె కింద ఉందండీ, వానొస్తే నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందండీ, కిందటేడు కోసి పనలు ఎప్పుడు కట్టారండీ అని ఆరా తీసేవాడు. సమాధానం నచ్చకపోతే తన కొట్లో ఉన్న విత్తనం వద్దని చెప్పి ఇంకో కొట్టుకి పంపేవాడు. వ్యాపారం చేసే పద్ధతేనా ఇది అని నేను ఆటపట్టిస్తే, మొలిచాక తిట్టించుకునే కంటే ఇది నయం కదండీ అని నవ్వేవాడు.

తనిఖీకని వెళ్తే నా కోసం ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి వేసేవాడు. వాళ్ళావిడ వెనకింట్లోంచి స్టీలు గ్లాసులో కాఫీ పంపేది. ఆ రెండేళ్ళలో నేను ఎన్ని కాఫీలు తాగానో చెప్పలేను. ఊరు కాని ఊళ్ళో ఒక్కదాన్నే ఉండే రోజులవి. పైకి ఒప్పుకునేదాన్ని కాదు గానీ, సగం తనిఖీలు ఆ కాఫీ కోసమే చేశాను.

ఇక నా సంగతి చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా చదువుకున్నానన్న గీర. ఆడపిల్ల అని మొదట్లో రైతులు నా మాట లెక్కచేయకపోవడంతో, ఎవరు కాదన్నా అది నన్ను నా కుర్చీలోంచి లాగడమే అనుకునే అలవాటు పడిపోయింది. అందరూ నాకు ఎదురు చెప్పేవారేం కాదు. గోదావరి జిల్లాల మర్యాద ఎలాంటిదంటే, మన మాట నచ్చకపోయినా ఆయ్, అలాగేనండి అంటారు, ఇంటికెళ్ళి తమకు తోచింది చేసుకుంటారు. ఆ అలాగేనండికి నేను బాగా అలవాటు పడ్డాను.

ఆ ఏడాది సార్వా పంటకాలంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ఏటిగట్టు నిలిచింది గానీ, మురుగు కాలువలు దిగక చేలల్లో నీళ్ళు అలాగే ఉండిపోయాయి. నారు ఊడ్పులకు సిద్ధంగా ఉన్న ఆకుమళ్ళు వారం రోజులు నీటి కింద మగ్గి కుళ్ళిపోయాయి. ఆకుమడి పోతే మళ్ళీ విత్తనం కావాలి, అదీ పది పన్నెండు రోజుల్లో చల్లేయాలి. లేకపోతే ఆ ఏటికి ఆ చేను బీడే. గవర్నమెంటు విత్తనం రావడం ఆలస్యమవుతోంది. జనం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు.

పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టాను. పై నుంచి వచ్చిన సర్క్యులర్ చేతిలో ఉంది. ఆలస్యమైంది కాబట్టి తక్కువ రోజుల్లో పండే రకం వేసుకోండి, ఎక్కువ రోజులు పట్టే స్వర్ణ జోలికి పోవద్దు అని చదివి, నా వంతు కొంత కలిపి చెప్పాను. నూరు మంది దాకా ఉన్నారు. అందరూ తలలూపుతున్నారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ లాకుల డీలరు చెయ్యెత్తాడు.

"తప్పుగా అనుకోకండి మేడం గారూ. ఆ రకం మెరక చేలకి బాగానే ఉంటదండి. మా పల్లపు చేలల్లో ఆ పొట్టి మొక్క నీళ్ళలో మునిగిపోద్దండి. ఒకవేళ బతికినా, సరిగ్గా తుపాన్ల వేళకి కోతకొస్తుంది. చినుకు పడిందంటే పనల మీదే మొలకొచ్చేస్తదండి. స్వర్ణ ముదురు ఆకు ఊడిస్తేనే మాకు గింజ దక్కుద్దండి."

ఎవరో అవును అవునన్నారు. ఇంకెవరో, మేడం గారు ఎప్పుడైనా మా పల్లంలో దిగితే కదా అన్నారు. హాలంతా నవ్వింది. అది నా మీద నవ్వు కాకపోవచ్చు. రెండు మూడు రోజులుగా కుళ్ళిన ఆకు ఏరుకుంటున్నవాళ్ళకి నవ్వడానికి ఏదో ఒకటి దొరికింది, అంతే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. సర్క్యులర్ మడిచి బ్యాగులో పెట్టుకుని, మీ ఇష్టం అని లేచి వచ్చేశాను.

ఆయన చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. చేను చూడకుండా విత్తనం చెప్పకూడదని మాకు కాలేజీలో మొదటి నెలలోనే చెప్పారు. తెలిసిన నిజం ఇంకొకరి నోట, అదీ పదిమందిలో వింటే ఇంత మంటగా ఉంటుందని మాత్రం నాకప్పటి దాకా తెలియదు.

వారం తిరక్కుండానే పై అధికారి ఫోన్ చేశాడు. వరదలో నకిలీ విత్తనాలు అమ్ముతున్నారని పేపర్లో వస్తోంది, పక్క మండలాల్లో కేసులు పెట్టారు, మీ దాంట్లో ఒక్కటీ లేదు, మీ డీలర్లంతా దేవుళ్ళా అని అడిగాడు. ఫోన్ పెట్టేసి, శాంపిల్ సంచులు, లక్క, కొవ్వొత్తి, ఇత్తడి సీలు బ్యాగులో వేసుకుని బయల్దేరాను. ఎక్కడికి వెళ్తున్నానో నాకు తెలుసు. డీలర్లు మండలంలో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఇద్దరి మీద నాకు నిజంగానే అనుమానం ఉండేది. అయినా నా బండి లాకుల వైపే తిరిగింది.

సన్నగా జల్లు పడుతోంది. కొట్టు వసారాలో పన్నెండు బస్తాలు పేర్చి ఉన్నాయి. వాటి మీద ఒక విత్తనాల కంపెనీ పేరు, గుర్తు రంగుల్లో అచ్చేసి ఉన్నాయి. మూతులు మాత్రం మిషను కుట్టు కాదు, పురికొసతో చేత్తో కుట్టినవి. లేబుల్ లేదు, ట్యాగు లేదు. చుట్టూ ఏడెనిమిది మంది రైతులు నిలబడి ఉన్నారు. నేను అడగకుండానే వాళ్ళే సంతోషంగా చెప్పేశారు. మెరక మీద చేలున్న ఒక రైతు కిందటేడు పండించిన స్వర్ణ విత్తనం దాచుకున్నాడట. ఆకుమళ్ళు పోయినవాళ్ళకి ఇస్తానన్నాడు. ఆయన గోనె సంచులన్నీ వానకి తడిసి ముద్దయ్యాయి. అందుకని డీలరు తన దగ్గరున్న ఖాళీ కంపెనీ సంచులు ఉతికించి, ఆరబెట్టి ఇచ్చాడు. ఆ రైతు ఇంటికెళ్ళే డొంక దారిలో మోకాలి లోతు బురద. లాకుల దగ్గరైతే రెండు వైపుల వాళ్ళూ నడిచి రాగలరని బస్తాలు ఇక్కడికి చేర్చారు. ఆ రైతు కూడా అక్కడే ఉన్నాడు. తలకి గోనెపట్టా కప్పుకుని, బస్తాల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చట్టం ఏం చెబుతుందో నాకు కంఠతా వచ్చు. రైతు తాను పండించుకున్న విత్తనం తన చేత్తో తోటి రైతుకి ఇచ్చుకోవచ్చు. దానికెవరూ అడ్డు చెప్పరు. కాకపోతే అది కంపెనీ పేరు అచ్చేసిన సంచిలో ఉండకూడదు, లైసెన్సున్న కొట్లో అమ్మకానికి పెట్టినట్టు ఉండకూడదు. ఇక్కడ ఆ రెండు తప్పులూ జరిగాయి. రెండూ సాయం చెయ్యబోయి చేసినవే. నేను చెప్పాల్సింది ఒక్క మాట. ఏవండీ, ఈ సంచులు తిరగేసి కుట్టించండి, బస్తాలు కొట్లోంచి తీయించి ఆ రైతు చేతుల మీదుగా ఇప్పించండి, నేను రేపొస్తాను అని. అంతమంది చేతులున్నాయి కాబట్టి గంట పని. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గుంపులో ఒకాయన, మా పల్లానికి స్వర్ణే కరెక్టని మొన్న చెప్పారు కదండీ అని డీలరుతో అన్నాడు. నాలుక చివరి మాట వెనక్కి పోయింది.

"ఈ బస్తాలు ఎవరివి?" అని అడిగాను. ఆఫీసు గొంతుతో అడిగాను.

మెరక రైతు ముందుకొచ్చి నోరు తెరవబోయాడు. డీలరు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"నా కొట్లో ఉన్నాయి కదండీ. నావని రాసుకోండి."

తన గుమ్మంలోకి వచ్చిన మనిషిని వేలుపెట్టి చూపించడం ఆయన వల్ల కాలేదు. అబద్ధం చెబుతున్నానని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. చుట్టూ ఉన్న ఏడెనిమిది మందికీ తెలుసు. నేను రాసుకున్నాను. విత్తనాలు డీలరువేనని, అమ్మకానికి పెట్టాడని, కంపెనీ సంచుల్లో లేబుల్ లేకుండా ఉన్నాయని రాశాను. ఒక్కో అక్షరం గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా రాశాను.

తర్వాత శాంపిల్ తీశాను. మూడు సంచుల్లో వేసి, మూతులు కట్టి, లక్క పోసి సీలు వెయ్యాలి. జల్లు గాలికి కొవ్వొత్తి నిలవడం లేదు. రెండుసార్లు ఆరిపోయింది. ఆయన నా ముందు గొంతుక్కూర్చుని రెండు అరచేతులూ మంట చుట్టూ అడ్డం పెట్టాడు. ఆ చేతుల మధ్య లక్క కరిగించి, ఆయన మీద కేసుకి నేను సీళ్ళు వేశాను. నా సర్వీసులో అంత శుభ్రంగా పడ్డ సీళ్ళు ఇంకెప్పుడూ లేవు.

పంచనామాకి ఇద్దరు సాక్షులు కావాలి. పంచాయతీ ఆఫీసు అటెండరు ఒకడు దొరికాడు. రెండో మనిషి కోసం చూస్తే రైతులంతా ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. అది నాకు జరిగిన అవమానంగా డీలరుకి తోచిందేమో.

"తమ్ముడూ, మేడం గారు వానలో వచ్చారు. నువ్వు పెట్టు సంతకం" అన్నాడు మెరక రైతుతో.

ఆయన తన విత్తనం పట్టుబడినట్టు తానే సాక్షి సంతకం పెట్టాడు. కాగితంలో ఏముందో చదవలేదు. అన్నయ్య గారు పెట్టమన్నారు, మేడం గారు పెన్ను ఇచ్చారు, పెట్టాడు. విత్తనం ఎవరిదో వాళ్ళచేతే సాక్షి సంతకం పెట్టించుకుంటున్నానని నాకు తెలుసు. తెలిసే పెన్ను అందించాను.

ఈలోగా డీలరు వాళ్ళావిడ కాఫీ తెచ్చింది. డ్యూటీలో తాగనండి అన్నాను. రెండేళ్ళుగా నేను అక్కడ తాగిన కాఫీలన్నీ డ్యూటీలో తాగినవే. ఆమె గ్లాసు వెనక్కి తీసుకెళ్ళింది.

బస్తాలు లోపలి గదిలో పెట్టించి, కదపకూడదని ఆర్డరు ఇచ్చి, తలుపుకి సీలు వేశాను. రైతులు అడగలేదు, బతిమాలలేదు. తలుపు వైపు ఒకసారి చూసి జల్లులో వెళ్ళిపోయారు. విత్తనం చల్లే రోజులు ఆ తలుపు బయటే గడిచిపోయాయి. వాళ్ళు చివరికి నేను చెప్పిన రకమే, గవర్నమెంటు ఆలస్యంగా పంపిందే తెచ్చుకుని చల్లారు. ల్యాబు రిపోర్టు వచ్చేసరికి ఊడ్పులు కూడా అయిపోయాయి. మొలక శాతం చాలా బాగుంది, కల్తీ లేదు, తేమ సరిపోయింది. తప్పు ఒక్కటే, సంచి మీది పేరుకీ లోపలి విత్తనానికీ సంబంధం లేదు. ఆ ఒక్కటి చాలని పై నుంచి రాశారు. ప్రాసిక్యూషన్‌కి ఫైలు పంపాను. అప్పటికి మంట చల్లారింది. చల్లారాక కూడా ఫైలు ఆపలేదు. ఆపితే ఎందుకు పెట్టావని అడుగుతారు. అదీ నా భయం.

కోతల వేళకి తుపాను వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు నష్టం రాసుకోవడానికి పల్లపు చేలల్లోకి వెళ్ళాను. మొదటిసారి నిజంగానే ఆ పల్లంలో దిగాను. ఒక రైతు నీళ్ళలో తేలుతున్న పన ఎత్తి నా ముందు పెట్టాడు. వెన్నులన్నింటికీ తెల్లటి మొలకలు. ఏ రకం అని ఫారంలో రాయాలి కాబట్టి నేను అడగాల్సి వచ్చింది. తమరు చెప్పిందేనండి అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, ఉండి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

కేసు ఏళ్ళ తరబడి వాయిదాలు పడింది. నాకు వేరే మండలానికి బదిలీ అయింది. ఒకసారి సమన్లు వస్తే వెళ్ళాను. కోర్టు వరండాలో బెంచీ మీద డీలరు, మెరక రైతు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ముద్దాయి, ప్రాసిక్యూషన్ సాక్షి ఒకే బస్సులో వచ్చి, ఒకే క్యారేజీలో అన్నం తెచ్చుకున్నారు. నన్ను చూడగానే ఇద్దరూ లేచి నిలబడ్డారు. మెరక రైతు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, అమ్మా, ఆ విత్తనాలు నాయని జడ్జి గారితో చెప్పేస్తానండి, అన్నయ్య గారికి లైసెన్సు పోద్దంటున్నారు, కొట్టు లేకపోతే ఆయన మనిషి కాడండి అన్నాడు. డీలరు వెనక నుంచి అందుకున్నాడు.

"వద్దు తమ్ముడూ. అప్పుడు ఒకటని ఇప్పుడింకోటి అంటే నీ మీదా కేసవుద్ది. ఉన్న కేసు చాల్లే."

ఇద్దరూ నా వైపు చూశారు. అవుతుందో అవదో నాకూ ఖాయంగా తెలియదు. ఉండండి, లాయరు గారిని కనుక్కుని చెబుతాను అనొచ్చు. నిజానికి ఆ విత్తనం ఎవరిదో నాకు ఆ రోజే తెలుసని నేనే లోపలికెళ్ళి చెప్పొచ్చు. నేను చేతి గడియారం చూసుకున్నాను. అడిగినదానికే జవాబు చెప్పండి, అడగనిది చెప్పకండి అన్నాను. అది సాక్షులందరికీ చెప్పే మాటే. ఆ రోజు నా నోట వచ్చినంత పాడు మాట ఇంకోటి లేదు.

ఎవరూ సాక్ష్యం చెప్పాల్సిన అవసరమే పడలేదు. డీలరు తప్పు ఒప్పుకున్నాడు. చిన్న జరిమానా వేశారు, అక్కడే కట్టేశాడు. బయటికొచ్చి నాకు నమస్కారం పెట్టి, మీకు శ్రమ ఇచ్చానండి అన్నాడు. శిక్ష పడిందన్న కాగితం పట్టుకుని ఆఫీసు లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. కొట్టు బోర్డు దించేశారని తర్వాత ఎవరో చెప్పారు. నకిలీ విత్తనం అమ్ముతున్నారని నేను అనుమానించిన ఆ ఇద్దరూ అదే మండలంలో ఇప్పటికీ కొట్లు నడుపుకుంటున్నారు.

రిటైరయ్యాక సామర్లకోటలో స్థిరపడ్డాను. పొద్దున్నే లేవక్కర్లేదు, సంతకాలు లేవు. తీరిక ఎక్కువైనకొద్దీ ఆ కొవ్వొత్తి చుట్టూ పెట్టిన చేతులు కళ్ళ ముందుకొచ్చేవి. కిందటి వేసవిలో ఒక ఉదయం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

లాకుల దగ్గర కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉంది. వెనకింటికి పక్క సందులోంచి వెళ్ళాను. ఆయన వసారాలో కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి, కంగారుగా లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ తుడిచి వేశాడు. అదే పద్ధతి. నేను కూర్చోలేకపోయాను. వాళ్ళావిడ వచ్చి బాగున్నారా మేడం గారూ అంది. వసారా మూలన ఎండుకొబ్బరి, బియ్యం, తవుడు సంచుల్లో పెట్టి ఉన్నాయి. ప్రతి సంచీ తిరగేసి ఉంది, అచ్చు లోపలికి, కుట్లు పైకి. నేను వాటివంక చూడటం ఆమె చూసింది. ఆ కేసు నుంచీ మా ఇంట్లో ఏ సంచైనా తిరగేసే వాడుకుంటున్నామండీ, భయం అంతే అంది. తిరగేస్తే చాలని ఆమెకి ఎవరు చెప్పారో అడిగే ధైర్యం నాకు లేదు.

మేం మాట్లాడుకుంటుండగా ఒక రైతు సైకిలు ఆపి గుమ్మంలోంచే, ఈసారి పల్లానికి ఏ విత్తనం చల్లమంటారండీ అని అడిగాడు. నాకేం తెలుసండీ, ఆఫీసులో కనుక్కోండి అన్నాడు ఆయన, ఈనె మీంచి చూపు ఎత్తకుండా. రైతు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎవరొచ్చినా ఇదే మాటండీ, కొట్టు పోయినప్పట్నుంచీ విత్తనం ఊసెత్తరు అంది వాళ్ళావిడ. లైసెన్సు లేదన్న భయం కాబోలు అనుకున్నాను.

ఆమె లోపలికి వెళ్ళాక, చెప్పాలని వచ్చింది చెప్పేశాను. ఆ రోజు సంచులు తిరగేయమని ఒక్క మాట అంటే కేసే లేదని, నాకు తెలిసీ అనలేదని చెప్పాను. మీటింగులో అందరి ముందూ ఆయన నన్ను కాదన్నందుకు మనసులో పెట్టుకుని చేశానని చెప్పాను. చట్టం కోసం కాదండీ, కోపంతో చేశాను అన్నాను.

ఆయన ఈనె పక్కన పెట్టాడు.

"తెలుసమ్మా. కొవ్వొత్తి దగ్గర మీ మొహం చూసినప్పుడే తెలిసింది."

ఇన్నేళ్ళూ ఆయనకి తెలుసు. కోర్టు వరండాలో లేచి నిలబడినప్పుడు తెలుసు, శ్రమ ఇచ్చానండి అన్నప్పుడు తెలుసు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు మళ్ళీ. "ఆడకూతురు, ఆఫీసరు. నూరుమందిలో మిమ్మల్ని అలా అని ఉండకూడదు. తర్వాత ఆఫీసుకొచ్చి విడిగా చెప్పుంటే సరిపోయేది. నా నోటి దురదకి మీరు బాధపడ్డారు, ఊళ్ళో పంటా పోయింది. అందుకేనండి, ఆ తర్వాత విత్తనం గురించి ఎవరడిగినా నోరు విప్పట్లేదు."

క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళిన నాకు ఆయన క్షమాపణ చెప్పాడు. పోయింది లైసెన్సు ఒక్కటే అనుకుని నేను ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఆ పల్లంలో ఏ చేలో నీరు ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు నేను మూయించానని నాకు ఆ వసారాలో నిలబడేదాకా తెలియదు.

ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలనిపించింది. అప్పటికి తోచిందే అడిగాను. మాకు పుట్టింటివాళ్ళిచ్చిన ఎకరం చెక్క ఉందండీ, చివరి బోదె కింద, వానొస్తే ఐదారు రోజులు నీరు తియ్యదు, కౌలుకిచ్చాం, ఈసారి ఏం చల్లమంటారు అన్నాను. నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. ఆయన కళ్ళు పాతరోజుల్లోలాగా చిన్నవయ్యాయి. ఏ కాలువండీ అన్నట్టు పెదవులు కదిలాయి.

ఆయన రెండు చేతులూ జోడించాడు.

"తమరికి తెలియందేముందండీ" అన్నాడు.

వాళ్ళావిడ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది. ఇప్పుడు డ్యూటీ లేదని చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. తాగేశాను.